పద్నాలుగో ప్రశ్న

న్యూ బెడ్‌ఫర్డ్‌లో రెండు చర్చిల మధ్య దూరం
ఒక లాండ్రీ, ఒక చేపల కొట్టు, ఒక ట్రాఫిక్ లైటు.
నడిస్తే నాలుగు నిమిషాలు.
మాకు ఏడాది పైన పట్టింది.

కొండ దిగువది ఎవరిస్తో వాళ్ళది.
అజోర్స్ దీవుల నుంచి తిమింగలాల ఓడలెక్కి వచ్చిన తాతలు
వారం వారం కూలి డబ్బుల్లో చిల్లర తీసి కట్టుకున్నది.
మాది పైన, ఎర్ర తలుపుది.
లోపలికెళ్తే తేడా చెప్పడం కష్టం:
అదే బల్ల, అవే కొవ్వొత్తులు, అదే మోకాళ్ళ నొప్పి.
ఐదొందల ఏళ్ళ కిందట ఒక రాజు పెళ్ళి గొడవలో
వేరు కుంపటి పెట్టుకున్న ఇల్లు మాది.
మా అమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పేది.
ఆ నవ్వు నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఫాదర్ అమరల్ మంచివాడు.
కాఫీ ఇచ్చాడు. చలేస్తోందని హీటరు నా వైపు తిప్పాడు.
తర్వాత కాగితాలు తీశాడు.
నాకు ఇదివరకే ఒక పెళ్ళయింది, కూతురుంది.
కోర్టు విడాకులిచ్చింది గానీ
దేవుడి ముందు పడ్డ ముడిని కోర్టు విప్పలేదట.
అసలు ముడే పడలేదని తేలాలి.
ఆనాడు నా మనసు నా దగ్గర లేదని
చెప్పే సాక్షులు కావాలి.
పద్నాలుగో ప్రశ్న:
పెళ్ళిరోజున మీకు ఏవైనా సందేహాలున్నాయా?

ఉన్నాయి ఫాదర్.
బూట్లు కరిచాయి. కేకు ఆలస్యమైంది.
లైల్ వాళ్ళ నాన్న పొద్దున్నే తాగొచ్చాడు.
కానీ 'అవును' అన్నప్పుడు
అన్నది నేనే.

ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి మర్చిపోయాను.
విల్లా చదివేసింది, తొమ్మిదేళ్ళది.
"అసలు జరగనే లేదంటే, మరి నేనో?"
పిల్లలకేమీ కాదు తల్లీ,
ఫాదర్ రెండుసార్లు చెప్పాడు, అన్నాను.
నిజంగానే రెండుసార్లు చెప్పాడు.
అది మాత్రం పాలగ్లాసు పట్టుకుని
అక్కడే నిలబడింది.

పైన మదర్ కొరిన్.
ఆ పిలుపే డెయోలిండాకి మింగుడు పడలేదు.
అమ్మ పెళ్ళివంట చేస్తుంది గానీ
పెళ్ళి చేస్తుందా, అంది కాబోయే అత్తగారు.
ఇక్కడా సులువేం కాదు:
బిషప్‌కి ఉత్తరం, నెల రోజుల గడువు, సలహా పాఠాలు.
మదర్ కొరిన్ కళ్ళజోడు తీసి అడిగింది,
"లైల్ బాగున్నాడా?
అతని మంచిచెడ్డలు నీకు తెలుస్తున్నాయా?"

ఒక చర్చి ఆ పెళ్ళి లేదని చూపించమంది.
ఇంకోటి దాన్ని కూడా మోసుకు రమ్మంది.
ఏది ఎక్కువ బరువో
నన్నడిగితే ఇప్పటికీ చెప్పలేను.
ఆ రాత్రి లైల్‌కి ఫోన్ చేశాను.
విల్లా బూట్ల సైజు కాక వేరే మాట మాట్లాడి
ఎన్నాళ్ళయిందో.
మోకాలికి ఆపరేషనట. ఇప్పుడు నయమేనట.

కాగితాలు నింపలేదు నేను.
నింపమని ఎవరిస్తో ఒక్కసారీ అనలేదు.
కానీ ధర కట్టింది తనే:
ఆదివారం వాళ్ళ చర్చిలో అందరూ రొట్టె కోసం లేస్తే
మోకాళ్ళు పక్కకి తిప్పి దారిస్తాడు,
మళ్ళీ సర్దుకుని కూర్చుంటాడు.
నేను పక్కనుంటే నా చెయ్యి వెతుక్కుంటాడు.
లేనప్పుడు ఏం చేస్తాడో అడగలేదు.

పెళ్ళికి డెయోలిండా రాదనుకున్నాం.
వచ్చింది, నల్లకోటు గుండీలు విప్పకుండా.
చివరి బెంచీలో విల్లా పక్కన కూర్చుంది.
ప్రభువు ప్రార్థనకి అందరం లేచాం.
కీడు నుంచి కాపాడమన్న చోట వాళ్ళు ఆగిపోతారు,
మేం ఆగకుండా రాజ్యం, మహిమల దాకా పోతాం.
ఆ ఒక్క పాదం సేపు
ఆవిడ పెదాలు బిగించుకుని
విల్లా ఉన్ని టోపీ మీది పోగులు పీకుతూ నిలబడిందట.
విల్లాయే చెప్పింది తర్వాత.
నేను వెనక్కి తిరగలేదు. నాకు వినబడిందల్లా
ఆమెన్ ఒక్కటే,
అందరికన్నా కాస్త ముందుగా,
అందరికన్నా గట్టిగా.