రూవీలో నెలపొడుపు

ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం
రూవీలో అయిదంతస్తుల ఆఫీసు మిద్దె మీద
ఆరుగురం నిలబడ్డాం చంద్రుడి కోసం,
కనబడకూడదని.

తప్పే. తెలుసు.
మస్కట్ మస్కటంతా పడమటి కొండల వైపు మెడలు సాచి
గోటిగీతంత వెలుగు కోసం వెతుకుతుంటే
మేం మబ్బు కోసం వెతుకుతున్నాం.
ఏడాది పొడుగునా చుక్కలు చూశాం,
ఈ ఒక్క సాయంత్రం చంద్రుణ్ణి చూడకపోతే చాలు,
ఇంకో రోజు దొరుకుతుంది.

సంగతేమిటంటే
రియాద్‌లో ఒక పెద్దాయనకి
పండగపూట తెల్లవారుజాము నమాజుకి ముందే
పిల్లలకి ఈదీ డబ్బులు ఫోన్లో పంపే యాప్ కావాలి.
నాలుగు నెలల పని.
నలభై రోజులని రాసిచ్చి వచ్చారు సేల్స్ వాళ్ళు,
ఖర్జూరం నములుతూ, కహ్వా తాగుతూ,
మమ్మల్నొక మాట అడక్కుండా.
"ఒక్క బటనే కదా" అన్నాడు బిజోయ్.

ఆ ఒక్క బటన్ కింద
పదకొండు బ్యాంకులున్నాయి,
ఒకదానితో ఒకటి పొసగని రెండు కేలెండర్లున్నాయి,
కుడి నుంచి ఎడమకి నడిచే అక్షరాల మధ్య
ఎడమ నుంచి కుడికి నడిచే అంకెలున్నాయి,
నెట్ నెమ్మదిస్తే విసుగొచ్చి రెండోసారి నొక్కే
ఒక మేనమామ వేలుంది.
ఆ వేలి సంగతి మూడుసార్లు చెప్పాను మీటింగులో.
"తర్వాత చూద్దాం" అన్న మాట
మూడుసార్లూ మినిట్స్‌లోకి ఎక్కింది.
బటన్ మాత్రం ఆకుపచ్చగా, గుండ్రంగా
ముచ్చటగా వచ్చింది.

జిలానీది ఆదోని.
సహరీ కీబోర్డు పక్కనే, ఇఫ్తారూ కీబోర్డు పక్కనే,
మధ్యలో మంచినీళ్ళు లేవు, నిద్రా లేదు.
కూతురి పండగ గౌను కొనడానికి మూడుసార్లు లేచాడు,
మూడుసార్లూ బిల్డు పడిపోయింది.
ఇప్పుడు పిట్టగోడ పట్టుకుని మెల్లగా అన్నాడు:
"అల్లా క్షమించాలి, నేనూ మబ్బే అడిగాను."

మాలో మనస్ఫూర్తిగా చంద్రుణ్ణి కోరుకుంటున్నది
చాయ్ కప్పులు ఏరుకోవడానికి పైకొచ్చిన లింబాద్రి ఒక్కడే.
"రేపు పండుగైతే మూడొద్దులు
కాళ్ళు సాపుకొని పంట మేడం."
అతని చూపు చురుకు.
"అగో!" అన్నాడు.
ఆరు గుండెలు జారిపోయాయి.
సీబ్ వైపు దిగుతున్న విమానం.

కనబడలేదన్నారు టీవీలో.
రేపు ముప్ఫయ్యో ఉపవాసం, పండగ ఎల్లుండి.
చివరి బంతికి సిక్సు కొట్టినట్టు అరిచాం,
లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాం,
ఎవరో పరోటాలకి ఫోను చేశారు కూడా.

గంట తర్వాత బిజోయ్ వచ్చాడు.
కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు,
చాలాసేపు తుడిచాడు.
"రియాద్‌లో కనబడిందట."

అదే ఆకాశం. అదే చంద్రుడు.
గడువు వాళ్ళ నెలవంక ప్రకారం,
సెలవు మన నెలవంక ప్రకారం.

అతన్ని తిట్టాలనుకున్నాను.
అతని బల్ల కింద మడిచిపెట్టిన చాప కనబడి
మాట రాలేదు.

మూడూ యాభైకి వదిలాం.
ఫలితం అందరికీ తెలిసిన పరీక్ష రాసినట్టు.
పెద్దాయన పూలగుత్తి బొమ్మ పంపాడు,
బిజోయ్ దాన్ని మా అందరికీ పంపాడు,
జిలానీ ఆ రోజుకి ఆఖరి గుక్క నీళ్ళు తాగి
కుర్చీలోనే నిద్రపోయాడు.

విదియనాడు కనబడనివాడు
తదియనాడు తానే కనబడతాడని మా కదిరి వైపు సామెత.
చంద్రుడి గురించి చెప్పిందే అనుకునేదాన్ని.

మర్నాడు సాయంత్రం
ఫోను మోగుతోంది, రియాద్ నంబరు.
ఎవరి మేనమామో రెండుసార్లు నొక్కి ఉంటాడు,
ఎక్కడో ఒక పిల్ల చేతిలో
రెండు పండగలు పడి ఉంటాయి.
ఎవరం తీయలేదు.
కిటికీ దగ్గర ఖాళీ కప్పులతో లింబాద్రి
"అగో" అన్నాడు.

ఈసారి విమానం కాదు.