పసుపు గీత

పరవాడ ఫార్మా సిటీ. సీ షిఫ్టు.
నేల మీద అరచెయ్యంత వెడల్పున పసుపు గీత.
ఇవతల నేనూ,
నాలుగు వందల మెగాహెర్ట్జ్ అయస్కాంతమూ.
అవతల స్టూలు మీద సెక్యూరిటీ ఎల్లాజీ,
తొడలో స్టీలు రాడ్డుతో.
హార్బర్లో వించి తాడు తెగిన నాటిది.
అతను గీత దాటకూడదు.
"దానికి నా కాలంటే అంతిష్టమేటమ్మా?"

"లోపలేటి సేస్తాది?" అనీ అడిగాడు.
చేపలరేవులో లంగరేసిన పడవలన్నీ
గాలికి ఒకే వైపు మూతి తిప్పవూ, అని మొదలెట్టి
అబద్ధమనిపించి ఆగాను.
హైడ్రోజన్లు అంత బుద్ధిగా ఉండవు.
దాదాపు సగం అటు, సగం ఇటు.
లక్షకి ముగ్గురు మాత్రం ఒక వైపు ఎక్కువ.
"ముగ్గురేనా?"
ఆ ముగ్గురి గొంతే మనకి వినబడేది.

సెకనులో లక్షో వంతు సేపు
రేడియో తరంగం తడుతుంది.
అవి ఒరిగి, తూలి, మళ్ళీ నిలదొక్కుకుంటూ
మోగుతాయి,
కొట్టి వదిలేసిన కంచంలా సన్నగిల్లుతూ.
కంప్యూటరు ఆ మోతని విడదీసి
గీతలు గీస్తుంది.

సారా తీసుకో, అన్నాను.
నవ్వాడు. "ఇప్పుడు తెలుస్తంది."
అందులో ఆక్సిజన్ది లాక్కునే బుద్ధి.
దాని పక్కనున్న రెండు హైడ్రోజన్లకి
ఎలక్ట్రాన్ల దుప్పటి పలచనై
ఎడమకి జరిగి పలుకుతాయి.
చివరి మూడూ నిండా కప్పుకుని కుడి మూల.
పక్కింట్లో ఇద్దరుంటే గీత మూడు ముక్కలు,
ముగ్గురుంటే నాలుగు.
పొరుగు లెక్కకి ఎప్పుడూ ఒకటి ఎక్కువ.

చెవి మీది బీడీ సర్దుకున్నాడు ఎల్లాజీ.
"నీ గురించి సెప్పరా అంటే
పక్కోళ్ళ లెక్క సెప్తాదన్నమాట.
మా జాలారిపేటోళ్ళూ అంతే."

మూడున్నరకి సాంపిల్ వచ్చింది.
ఉండాల్సినవన్నీ ఉన్నాయి.
ఉండకూడనివి రెండు.
రెండు పాయింట్ పదిహేడు దగ్గర అసిటోన్:
ట్యూబు కడిగి, తొందరపడి, ఆరబెట్టని నా చెయ్యి.
ఒకటి పాయింట్ యాభై ఆరు దగ్గర
పొట్టి గీత, నీళ్ళది.
ఎంత మూత బిగించినా
ఈ ఊరి గాలి ద్రావకంలోకి దిగుతుంది.
"సముద్రమా?" అన్నాడు, మెడ సాచి,
బూటు మొన గీతకి సరిగ్గా ఆనించి.
అంతే అనుకో, అన్నాను.

తెల్లారింది. నైట్రోజన్ పొగ
ట్యాంకు మెడ దగ్గర కాసేపు నిలబడి పోయింది.
బయట కంపెనీ బస్సు హారను.
కుంటుకుంటూ దిగి
గేటు దగ్గర రిలీవరుకి చెప్తున్నాడు:
"లక్షలో ముగ్గురు మాటాడితే సాల్రా,
ఆ మిషను ఇంటాది."

నేను ట్యూబు మళ్ళీ కడగడానికి వెళ్ళాను.
ఈసారి ఆరేదాకా ఆగాలి.