అక్షరానికి పన్నెండు రూపాయలు

చీమకుర్తిలో కాటా దాటాక
ఎడంచేతి పక్క రేకుల కొట్టు నాది.
సమాధి రాళ్లు, శంకుస్థాపన పలకలు, గేటు మీద ఇంటిపేర్లు.
అక్షరానికి పన్నెండు.
తెలుగైతే వొత్తులకి విడిగా లెక్కకడతాను.
ఇంగ్లీషుకి వొత్తుల్లేవు గదా, చవక
అనుకునేవాణ్ణి.

ఎలీశమ్మ క్యాలెండరు కాయితం మడిచి తెచ్చింది.
మనవడు రాసిచ్చాడంట, ఏడో తరగతి.
పైన సిలువ, కింద దేవసహాయం, డ్రిల్లరు,
అడుగున మూడు ఇంగ్లీషు మాటలు:
రెస్ట్ ఇన్ పీస్.
పదకొండక్షరాలు, నూట ముప్పై రెండు.
కాయితంలో ఎట్టుందో రాతిలో అట్టా దించాను.
పి, ఐ, ఇ, సి, ఇ.

బంగారు రంగు ఆరకముందే
టీ గ్లాసులకొచ్చిన ఖాసింబీ కూతురు రెహనా
వంగి చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"అన్నా, ఇది ముక్క. కేకు ముక్క, చికెన్ ముక్క.
శాంతి పీసుకి ఐ ఉండదు. ఇ, ఆ పక్కన ఏ."
ఏదీ, మళ్లీ అను.
పీస్.
ఇంకోటి?
పీస్.
పదిసార్లు అనిపించాను. నా చెవికి చిక్కలేదు తేడా.

ఆ పిల్ల బొగ్గుముక్క తీసుకుని
నా గచ్చంతా నింపేసింది ఆ పూట.
సైటంటే క్వారీ, సైటంటే చూపు.
మా నాయన మొదటిదాంట్లో రెండోది పోగొట్టుకున్నాడు.
కాటా ముందు లారీలు వెయిట్ కోసం వెయిట్ చేస్తాయి;
బరువుకి మాత్రం జి, హెచ్ ఉంటాయంట, నోరెత్తవంట,
అందుకే బరువు కాబోలు.
హోలంటే దేవసహాయం పొద్దస్తమానం రాతికి కొట్టిన బెజ్జం.
ముందు డబ్ల్యూ తగిలిస్తే మొత్తం, పూర్తి, లోటు లేనిది.
ఆ డబ్ల్యూ కూడా పలకదు.

పేలకుండా మిగిలిన మందు ఆలస్యంగా పేలిన రోజు
దుప్పటి నాలుగు చెంగుల్లో ఒకటి నేను పట్టుకున్నాను.
ఎంత తేలిగ్గా ఉందో ఎవరికీ చెప్పలేదు.
ఇప్పుడు నా ఉలి చెప్పేసింది, నల్లరాతి మీద,
బంగారు రంగులో.
తప్పు రాసినందుకు కాదు నాకు చెమట పట్టింది.

ఐకి మూడు అడ్డగీతలు కొడితే ఇ అవుతుంది, అదేం కష్టం కాదు.
ఇ ని ఏ చెయ్యడం నా వల్ల కాదు, మా గురువు వల్లా కాదు.
చెరపడానికి ఇది మార్కాపురం పలక కాదు.
వరసంతా అరగదీసి, మెరుగుపట్టి,
మళ్లీ మొదటి నించి.

శనివారం ఎలీశమ్మ వస్తే దాచలేకపోయాను. చెప్పాను.
సగం అరిగిన ఐ గాడిలో వేలు పెట్టి
"ఇదేందయ్యా, ఆయన డ్రిల్లు కడ్డీ లాగుంది" అంది.
కాసేపటికి,
"చెవికి రెండూ ఒకటేనంటివి గదా.
దేవుడు వింటాడా, చదువుతాడా?"
పాస్టరుగారు చదువుతాడమ్మా, అన్నాను.
అంతకంటే తోచలేదు.

మారింది రెండక్షరాలే గదా అని
ఇరవై నాలుగు లెక్కపెట్టి రాతి మీద పెట్టింది.
నేను వెనక్కి తోశాను. ఆమె ఇటు తోసింది.
మిట్టమధ్యాన్నం చిల్లర కాలుతోంది, ఎవరం తీయలేదు.

"మన మాటల్లో ఈ తిరకాసు లేదు గదా?"
లేకేమమ్మా, అన్నాను నవ్వుతా.
రాయి.
ఎలీశమ్మ నా చేతిలో ఉలి వంక, తన బొటనవేలి వంక
మార్చి మార్చి చూసి,
"నాకు రాయడమొస్తే
నీ దగ్గరికెందుకొస్తానయ్యా" అంది.