పొయ్యిపాలు

ఉదయగిరి కొండకి ఇంకా చీకటి విడవకముందే
జైతూన్ పెద్దమ్మ నా ముందు ఒక కర్రముక్క పడేసేది.
ఒకటే.
రెండోది అడిగితే
"ముందు దీన్ని చంపకుండా చూడుమే" అనేది.

మొదటి నెల బాడిస ముట్టనియ్యలేదు.
గరుకుకాగితం, నేనూ, ఆమె చేసిన గరిటె వీపూ.
రుద్దటం, బుగ్గకి ఆనించి చూసుకోవటం,
మళ్ళీ రుద్దటం.
బుగ్గ ఒప్పుకోందే
ఏ నోరూ ఒప్పుకోదంట.

ఆ తర్వాత ఉలి చేతికొచ్చింది.
స్పూను గుంట తవ్వటమంటే
నీళ్ళు పడిందాకా బావి తవ్వినట్టు కాదు,
ఎక్కడ ఆగాలో తెలియాలి.
నాకు తెలిసేది కాదు.
అడుగున చిల్లు పడి
అందులోంచి పెద్దమ్మ మొహం కనపడేది.

తిట్టలేదు ఎప్పుడూ.
చిల్లుపడ్డదాన్ని పొయ్యిలోకి తోసి
ఆ మంట మీదే టీ కాచి
సగం గ్లాసు నాకిచ్చేది.
నా తప్పు కాగినంత చిక్కగా
బస్టాండు బంకులో టీ ఏనాడూ కాగలేదు.

జొరమొచ్చినా ఒకటి.
ఆమె రోజా ఉన్న నెలంతా ఒకటి,
టీ మాత్రం నాకొక్కదానికే.
తమ్ముడు పెంచలయ్య ఆత్మకూరు బస్సెక్కి
సెల్‌ఫోన్ల కొట్లో పనికి కుదిరిన రోజు,
మా అమ్మ "వాడు చూడు, నెలకే జీతం తెస్తాండాడు" అన్న రోజు కూడా
ఒకటి.

పిడి, మెడ, భుజం.
గరిటెకీ ఒళ్ళుంటుందని
నాకన్నా ముందు నా చేతికి తెలిసింది.
బొటనవేలి పక్కన కాయ కాసింది.
ఇప్పుడు మందం కొలిచేది దాంతోనే.

మొన్న చలిగాలప్పుడు
పొయ్యి ముందు కూచుని
అలవాటుగా చెయ్యి చాపింది పెద్దమ్మ.
నా చేతిలోది తీసుకుని
కిటికీ వెలుగుకి తిప్పింది.
గుంటలో వేలు పెట్టి ఒక చుట్టు.
మళ్ళీ ఒక చుట్టు.
బుగ్గకి ఆనించుకుంది.

"ఇంక టీ దేంతో కాచేది?"
గట్టిగా విసుక్కుంది.
మూలనున్న రంపప్పొట్టు ఊడ్చుకొచ్చి
ఊదీ ఊదీ దగ్గింది.
ఆ రోజు టీ ఆలస్యమైంది.
చక్కెర వెయ్యటం కూడా మర్చిపోయింది.

తెల్లారి
కొంచెం పెద్ద కర్రముక్క పెట్టింది నా ముందు.
ఫోర్కు. నాలుగు పళ్ళు.
రెండు బాగానే వచ్చాయి.
మూడోది మొదలంటా
టప్పున విరిగింది.

పెద్దమ్మ తల కూడా ఎత్తలేదు,
టీ గిన్నె కడగటానికి లేచింది.