చెయ్యెత్తినోడు

కాజీపేట స్టేషన్ బయట ఒక బల్ల.
బల్ల మీద రిజిస్టరు, సిరాబుడ్డి,
ఛాతీ కొలిచే గుడ్డ టేపు.
జపాన్ లడాయి ముదిరిన ఎండకాలం.
నాకు ఇరవై, మిల్లు చిట్టీ మీద అట్లనే రాసున్నది.
ఓదెలుకు పదిహేను నిండలే.
సాగనంపుత అని వచ్చిండు
నా సద్దిమూట సంకల పెట్టుకొని.
తొవ్వ పొడుగూత ఒక్కటే ముచ్చట:
బూట్లు ముందుగాల్నే ఇస్తరా,
లడాయి అయినంక వాపస్ తీసుకుంటరా?

ఆజంజాహీ మిల్లుల కండెలు మోసేటోడు.
రాత్రిపాలి దిగి వస్తుంటే నెత్తి నిండ దూది నుసి,
కనుబొమ్మలు తెల్లగ.
"సూడన్నా, ముసలోన్నయిన" అనేటోడు.
నల్లా కింద తలకాయ పెడితే
మళ్ళ పిలగాడే.

"ఆడెపు రాజీరు!"
నాలుక అంగిట్లకు అతుక్కున్నది.
ఇంకోపారి పిలిచిండ్రు.
ఓదెలు నా మొఖం దిక్కు చూసిండు.
మోచేత్తోని ముక్కు తుడుసుకొని
చెయ్యెత్తిండు.

ఆ చూపుల ఏమున్నదో
నలభై ఏండ్లసంది తిరగేసి మరగేసి చూస్తున్న.
జాలా? బూట్లా?
తేలలే.

ఎడ్ల అంగట్ల చూసినట్టు పండ్లు చూసిండు హవల్దారు.
"బీస్ సాల్?"
"జీ."
వాడికొచ్చిన ఉర్దూ అంతే.
హవల్దారు నవ్విండు, రాసుకున్నడు.
ఆయనకూ ఆ పొద్దు లెక్క నిండాలె కద.

సద్దిమూట నా చేతుల పెట్టి పోయిండు.
దర్గా కాడ కూసొని విప్పిన.
జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం.
మొత్తం తిన్న.
ఆకలైంది మరి.

ఆర్నెల్లకు కార్డు వచ్చింది.
సగం అక్షరాల మీద సర్కారోళ్ళ నల్లసిరా.
మిగిలింది ఇంతే:
"ఓదెలు మంచిగున్నడా?
వాళ్ళమ్మ కండ్లల్ల మందు ఏస్తున్నడా?
ఏయకుంటే నా మాటగ గట్టిగ చెప్పుండ్రి.
ఇట్లు, మీ కొడుకు రాజీరు."
ఆనాటిసంది రోజూ పొద్దుగూకి పోయి
లసుమవ్వ కండ్లల్ల మందేసి వచ్చిన.
"మావోడు ఏడున్నడు బిడ్డా" అంటే
"బొంబై మిల్లుల" అనేటోన్ని.

తార్ వచ్చిననాడు నేను పీట మీదున్న.
మాస్టరు చదివిండు:
సిపాయి ఆడెపు రాజీరు, ఇంఫాల్ కాడ.
మా అమ్మ తార్ దిక్కు చూసింది,
నా దిక్కు చూసింది,
ఇంకింత అన్నం పెట్టింది.
తర్వాత దొడ్డిలకు పోయి
కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

దినాలు చేద్దామంటే ఎవలికి?
నేను ఉంటిని.
చేస్తే లసుమవ్వకు తెలుస్తది.
చెయ్యకుంటే పిలగాడు ఏ గాలిలనో.
మిల్లు రిజిస్టర్ల నేను బతికిన్న,
ఫౌజు రిజిస్టర్ల సచ్చిన.
ఓదెలు మాత్రం
ఏ కాయితం మీదా సావలే.

పింఛన్ వచ్చేది, సచ్చిన నా పేరు మీద.
మా అమ్మ వేలిముద్ర వేసి
ఆ కల్దార్లు కొంగున కట్టుకపోయి లసుమవ్వకిచ్చేది.
బొంబై పైసలు కల్దారే కద,
ముసల్ది అనుమానపడలే.
తడిమి తడిమి లెక్కపెట్టి
"ఇన్ని నాకు పంపితే
కాళ్ళకు చెప్పులన్న కొనుక్కున్నడో లేదో" అనేది.
పిల్లను చూడమన్నది కూడ.
ఒకపారి కాదు.

లసుమవ్వ పోయిన పొద్దు
కొరివి నేను పట్టుకున్న.
అయ్యగారు అడిగిండు, కొడుకు పేరేందని.
ఓదెలు, అన్న.
అప్పుడు లేసింది నోరు.
వాడకట్టోళ్ళు ఎవ్వలు కాదనలే.
తలకాయలు వంచుకున్నరు.

ఇప్పుడు రేషన్ దుకాణంల లైన్ల నిలబడ్తే,
దవాఖానల చిట్టీ పట్టుకొని కూసుంటే,
"ఆడెపు రాజీరు" అంటరు.
నేను జర ఆగుత.
ముందుగాల ఎవడన్న చెయ్యెత్తుతడేమోనని
అటిటు చూస్త.

తాతకు చెవుడు, అంటరు,
మళ్ళ పిలుస్తరు.