అయిదు మూతుల సొమ్ము

భుజం దాకా చెయ్యి పెట్టి
అడ్డం తిరిగిన దూడని సర్ది లాగడం వచ్చు ఖులాన్‌కి.
పళ్ళు చూసి గుర్రం ఈడు చెబుతుంది.
బయన్‌ఖోంగోర్‌లో ఇరవై ఏళ్ళుగా పశువుల డాక్టరు.
మొన్న చలికాలం, బ్యాంకు కరపత్రం ముందు మాత్రం
పలకా బలపం పట్టిన పిల్లలా కూర్చుంది.

చక్రవడ్డీ దగ్గర ఆగింది.
ఆవు ఈనితే పెయ్య, ఆ పెయ్యా ఈనితే... అంతేగా?
కాకపోతే దీనికి గాలికుంటు రాదు
అని పక్కన పెన్సిల్‌తో రాసుకుంది.
తర్వాతి పేజీలో ద్రవ్యోల్బణం కనబడింది.
రాసింది కొట్టేసింది.

మొదటి తప్పు అందరూ చేసేదే.
అంగట్లో ఉప్పు టీ తాగుతూ ఎవరో రాగి గని అన్నారు,
రెండు నెలల జీతం రాగి గని అయింది.
ఇక రోజూ
ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య, టీకాల మధ్య,
చేతుల నెత్తురు కడుక్కోకముందే
ఫోను తెరిచి ధర చూడటం.
సిగ్నల్ లేని లోయల్లో గుట్టెక్కి మరీ చూసేది.

లెక్కలు రాసే బత్‌సూరి నవ్వాడు:
"గంటకోసారి థర్మామీటర్ పెడితే
గొర్రెకి జ్వరం తగ్గుతుందా డాక్టరుగారూ?
మీకు పట్టుకుంటుంది, అంతే."
ఆ మాట ఒకప్పుడు అతని మామకి తనే చెప్పింది.
వడ్డీతో తిరిగొచ్చింది.

డబ్బంతా ఒకేచోట పెట్టకండి అని
కరపత్రంలో ఎర్ర గళ్ళ మధ్య ఉంది.
ఇంతమాత్రానికి అంత రంగెందుకో ఆమెకి అర్థం కాలేదు.
గుర్రం, ఆవు, ఒంటె, గొర్రె, మేక:
అయిదు మూతులు అంటారక్కడ.
మనకీ సొమ్మంటే పశువే, డబ్బూ అదే;
ఈ ఒక్క మాట దగ్గర నేనామెకి పొరుగుదాన్ని.
మంచు లోతైతే గుర్రం గిట్టతో గీరి తింటుంది,
దాని వెనకే గొర్రె.
ఒంటె ముళ్ళకంప నమిలి బతికేస్తుంది.
మేక ఉన్నికి ధర ఉందని
చుట్టుపక్కలంతా మేకలే కొన్న ఏడు
గడ్డి వేళ్ళతో సహా పోయింది.
ఇదంతా తెలుసు ఆమెకి.
రాగి గని నాడు ఎందుకు తెలియలేదో,
అది తెలియదు.

ఇవాళ బ్యాంకులో పొడుగాటి ఫారం, కారే పెన్ను.
పదకొండో ప్రశ్న:
మీరు ఎంత నష్టం భరించగలరు?
పది శాతం. ఇరవై. ముప్ఫై.
పక్కన ఖాళీ గళ్ళు.

మంచు గడ్డకట్టి మేతకి తలుపేసిన ఏడు,
జుద్ అంటారు దాన్ని,
దొర్లిగ్ మందలో నాలుగువందల పన్నెండు.
మార్చికి పంతొమ్మిది.
ఆమె వెళ్ళేసరికి వైద్యం ఏమీ మిగల్లేదు,
రాసుకోవడమే: చెవి నంబరు, ఈడు, కారణం.
కారణం కింద ఆకలి, ఆకలి అని రాసీ రాసీ
చివర చివర డిట్టో పెట్టింది.
దొర్లిగ్ ఆ పంతొమ్మిదికీ
మంచు కరిగించి నీళ్ళు పెడుతున్నాడు,
ఒక్కోదాన్నీ పేరుతో పిలుస్తూ.
నాలుగొందలున్నప్పుడు వాటికి పేర్లు లేవు.

అదెంత శాతమో ఫారం అంచున లెక్క వేసింది.
తొంభై అయిదు.
ఆ గడి లేదు.

"తొందరేం లేదండీ" అంది కౌంటర్లో అమ్మాయి,
ఆమె వెనకున్న వరుస వైపు చూస్తూ.
ఖులాన్ ముప్ఫై దగ్గర పెన్ను ఆనించింది.
సిరా చుక్క పడింది, పాకింది,
ఇరవై గడిలోకీ కొంచెం వెళ్ళింది.