కౌంటు

ఉండి రోడ్డు మీద రొయ్యల షెడ్డులో
తెల్లారి అయిదింటికే చలి మొదలవుతుంది.
రోహిణి కార్తె అయినా సరే, బల్ల నిండా ఐసు.
గ్లవుజు లోపల వేళ్ళు నానిపోయి
చచ్చిన చేప పొట్టలా తెల్లబడతాయి.
ఆ తెలుపులో ఏ వేలు ఎవరిదో చెప్పడం కష్టం.

నా పని గ్రేడింగు.
చూస్తే చాలు, తూకం వెయ్యక్కర్లేదు.
ఇది ముప్పై కౌంటు, ఇది యాభై,
ఇది మెత్తబడింది, పక్కన పడెయ్.
పదకొండేళ్ళు. చెయ్యి తప్పదు.
మనుషుల్నీ అలాగే ఏరెయ్యగలననుకునేదాన్ని.

ఆ పిల్ల అస్సాం నుంచి వచ్చింది.
వ్యానులోంచి ఇరవై మంది దిగితే
షెడ్డు మొత్తం వాళ్ళకి ఒకటే పేరు పెట్టింది: నేపాలోళ్ళు.
కళ్ళు చిన్నవి గనక అది దొంగచూపన్నారు.
నవ్వితే మనల్ని చూసే అన్నారు, నవ్వకపోతే పొగరన్నారు.
వాళ్ళ గది పక్కనించి వెళ్తూ ముక్కులు మూసుకున్నారు,
పొద్దస్తమానం రొయ్య తలల మధ్య నిలబడే ముక్కులు.
కుక్కల్ని తింటారంట, అంది వీరలక్ష్మి.
ఎవరు చూశారే అంటే
అందరూ అంటన్నారుగా అంది.
నేనూ నవ్వాను.

మాది ఊరికి కాలవ అవతల.
వంతెన దాటి ఊళ్ళోకెళ్తే
"ఎవరమ్మాయివే?" అనేవారు ముందు.
తరవాత "ఏ వేపు?" అనేవారు.
రెండో దానికి జవాబు చెప్పాక
మొదటి దానితో వాళ్ళకి పనుండేది కాదు.
అమ్మ ఊడ్పులకెళ్ళే ఆసామి ఇంట్లో
చూరులో గుచ్చిన సత్తుగ్లాసు ఆవిడది.
తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే.
ఇదంతా తెలిసినదాన్ని నేను.

శుక్రవారం వీరలక్ష్మి చెవిదుద్దు పోయింది.
చీటీ పాడుకుని చేయించుకున్న దుద్దు.
సూపర్‌వైజరు విజిలేసి అందర్నీ నిలబెట్టాడు.
ఎవరి మీద అనుమానం, అన్నాడు.
కాసేపు కంప్రెసరు ఒక్కటే మాట్లాడింది.
అప్పుడు నా చెయ్యి లేచింది.
పదకొండేళ్ళ చెయ్యి,
తూకం వెయ్యకుండానే.

ఆ పిల్ల సంచి నేల మీద బోర్లించారు.
ఒక దువ్వెన, జ్వరం బిళ్ళలు, రెండు పచ్చిమిరపకాయలు,
మగ్గం మీద నేసిన పచ్చటి కండువా ఒకటి,
మడత చెదరకుండా దాచుకున్నది.
దాన్ని ఎవరి బూటో తొక్కింది.
ఆమె ఏడవలేదు.
ఏడిస్తే నాకు సులువుగా ఉండేది.

శనివారం తూము జాలీ ఎత్తి కడుగుతుంటే
తుక్కులో దుద్దు మెరిసింది.
వీరలక్ష్మి కళ్ళకద్దుకుని
మావుళ్ళమ్మకి కొబ్బరికాయ మొక్కుకుంది.
సర్లే, పని చూసుకోండి, అన్నాడు సూపర్‌వైజరు.
ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు.
"తప్పయింది" అనే మాట హిందీలో ఎలాగో నాకు తెలీదని
చెప్పుకుంటూ తిరిగాను గానీ
మా అమ్మాయి ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే వచ్చేది.

పేరు ఆ తరవాతే చూశాను.
హాజరు పట్టీలో కూడబలుక్కుని చదివాను: మైనావ్.
అంటే ఏమిటని అడిగితే
తల ఎత్తకుండానే చెప్పింది, వచ్చీరాని తెలుగులో:
"మా ఊర్లో... ధాన్యం అమ్మ."
వరిచేనుకి వాళ్ళు దణ్ణం పెట్టే తల్లి పేరట.
కిటికీలోంచి చూశాను.
అమ్మ నడుం వంచి ఊడ్చిన మళ్ళు అక్కడ ఉండేవి.
ఇప్పుడన్నీ చెరువులే,
ఏరేటర్లు నురగలు కక్కుతున్నాయి.

మధ్యాహ్నం గిన్నె పట్టుకెళ్ళి
గట్టు మీద ఆమె పక్కన కూచున్నాను.
ఆ రోజు గోంగూర ఎక్కువ పెట్టుకొచ్చాను, కావాలనే.
ఆమె తన గిన్నె తీసుకుని
జానెడు పక్కకి జరిగింది.
కోపంతో కాదు,
నా చీరంచు తనకి తగలకుండా, జాగ్రత్తగా.

ఆ జరగడం నాకు తెలుసు.
ఆ జానెడు నాకు తెలుసు.
ఆసామి గారమ్మాయి అరుగు మీదికొస్తే
గ్లాసు చేతిలో పట్టుకుని
అమ్మ సరిగ్గా అంతే జరిగేది.

గోంగూర అలాగే ఉంది.
విజిల్ పడింది.